మెల్‌బోర్న్‌లో శనివారం ఇళ్ళ వేట: అరగంటలో చూడాల్సినవి, అంతకుముందే చదవాల్సినవి

మెల్‌బోర్న్‌లో ఇల్లు కొనే పనిలో పడ్డ కుటుంబానికి శనివారం ఊపిరి సలపదు. టార్నీట్‌లో పదింటికి ఒకటి, పాయింట్ కుక్‌లో పదకొండుకు ఇంకొకటి, ఈలోగా పిల్లల ఆకలి, పార్కింగ్ వెతుకులాట. ఒక్కో ఇల్లు తెరిచి ఉంచేది ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట. ఇల్లుగలవాళ్ళు అక్కడ ఉండరు. గుమ్మం దగ్గర ఏజెంటు నిలబడి పేరు, ఫోన్ నంబరు రాసుకుని లోపలికి పంపిస్తాడు. ఆ ఏజెంటుకు కమిషన్ ఇచ్చేది అమ్మేవాళ్ళు, అతను పనిచేసేది వాళ్ళ కోసం. ఎంత కలుపుగోలుగా మాట్లాడినా, చివరికి తెలుగువాడే అయినా, ఈ సంగతి మారదు.

ఈ ఓపెన్ ఇన్‌స్పెక్షన్‌ను ఇల్లు ఎంచుకునే చోటుగా చూడటం దగ్గరే చాలామంది దెబ్బతింటారు. అది వడపోతకు మాత్రమే పనికొస్తుంది. కాగితం మీద, మ్యాపు మీద తెలిసేవన్నీ శుక్రవారం రాత్రికే తేల్చేసుకుని, కాగితంలో దొరకని వాసన, వెలుతురు, చప్పుడు, నేల వాలు, గోడ తేమ కోసం ఆ ఇరవై నిమిషాలు ఖర్చుపెట్టాలి. అలా చేస్తే పది ఇళ్ళ జాబితా నాలుగుకు తగ్గుతుంది. ఒక రోజులో నాలుగైదుకు మించి చూస్తే సాయంత్రానికి ఏ వంటగది ఏ ఇంటిదో ఎవరికీ గుర్తుండదు.

ముందు డబ్బు లెక్క

బ్యాంకు నుంచి ప్రీ అప్రూవల్ (ఇంత దాకా లోను ఇవ్వొచ్చన్న ముందస్తు మాట) లేకుండా ఇళ్ళు చూడటం వల్ల ఆశ పెరగడం తప్ప ప్రయోజనం లేదు. అలాగని ప్రీ అప్రూవల్ చేతిలో ఉంటే లోను వచ్చేసినట్టూ కాదు. ఇంటికి బ్యాంకు కట్టే విలువ మీదే అసలు లోను ఆధారపడుతుంది. వేలంలో 7.5 లక్షల డాలర్లకు పాడారనుకోండి. బ్యాంకు విలువ కట్టేవాడు 7.2 లక్షలే అన్నాడు. 90 శాతం లోను అంటే 6.75 లక్షలు వస్తుందనుకున్నది 6.48 లక్షలే వస్తుంది. మధ్యలో 27,000 డాలర్లు జేబులోంచి తేవాలి. వేలంలో కొన్న ఒప్పందానికి 'లోను వస్తేనే' అన్న షరతు ఉండదు కాబట్టి వెనక్కి పోయే దారి లేదు.

స్టాంప్ డ్యూటీని లెక్కలో మర్చిపోకూడదు. మొదటిసారి కొనేవాళ్ళకు మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో 6 లక్షల డాలర్ల దాకా డ్యూటీ లేదు, అక్కడి నుంచి 7.5 లక్షల దాకా మెట్లమెట్లుగా రాయితీ ఉంది. 7 లక్షల ఇంటికి మామూలుగా 37,070 డాలర్లు కట్టాలి. మొదటి ఇల్లయితే సుమారు 24,713. ధర పెరిగేకొద్దీ ఆ రాయితీ తగ్గుతూ 7.5 లక్షల దగ్గర పూర్తిగా పోతుంది. కాబట్టి 7.45 దగ్గర ఆగిన పాట, 7.55 దగ్గర ఆగిన పాట మధ్య తేడా పదివేలు కాదు, అంతకంటే ఎక్కువ. ఈ రాయితీ నిలవాలంటే కొన్న ఏడాదిలోపు ఆ ఇంట్లో చేరి, కనీసం 12 నెలలు వరసగా ఉండాలి.

వీసా సంగతి ఇంకా ముందు చూసుకోవాలి. తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళు పాత ఇళ్ళు కొనకుండా 2025 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర ప్రభుత్వం నిషేధం పెట్టింది, కొన్ని మినహాయింపులు తప్ప. కొత్త ఇల్లు కొనాలన్నా అనుమతి తీసుకోవాలి, విక్టోరియాలో మామూలు డ్యూటీ కాక ఇంటి ధరలో మరో 8 శాతం కట్టాలి. పీఆర్ ఇంకా రానివాళ్ళు శనివారాలు తిరగడం మొదలుపెట్టే ముందే కన్వేయన్సర్‌తో (ఇల్లు చేతులు మారే చట్టపు కాగితాలు చూసేవాళ్ళు) ఒక మాట మాట్లాడటం మంచిది. మారిన నిబంధనలు, తేదీలు ఏవైనా ఉంటే అక్కడే తెలుస్తాయి.

శుక్రవారం రాత్రి చదవాల్సినవి

ప్రకటనలో ధరతోపాటు స్టేట్‌మెంట్ ఆఫ్ ఇన్ఫర్మేషన్ అనే ఒక పేజీ కాగితం ఉంటుంది. 2017 మే నుంచి విక్టోరియాలో ఇది తప్పనిసరి. ఏజెంటు అంచనా ధర, దగ్గర్లో అమ్ముడైన మూడు ఇళ్ళు, ఆ ప్రాంతపు మధ్యస్థ ధర ఇందులో ఉండాలి. అంచనాను రెండు అంకెల మధ్య చూపిస్తే ఆ తేడా 10 శాతానికి మించకూడదు. అంటే 6.5 నుంచి 7.15 లక్షలు అనొచ్చు, 6.5 నుంచి 7.5 అనకూడదు. నగరంలో అయితే ఆ మూడు ఇళ్ళూ గత ఆరు నెలల్లో, రెండు కిలోమీటర్ల లోపు అమ్ముడైనవి కావాలి.

ఏజెంటు చెప్పిన అంకె కంటే ఆ మూడు ఇళ్ళే ఎక్కువ మాట్లాడతాయి. వాటి ఫొటోలు తెరిచి స్థలం, గదులు, వయసు పోల్చి చూడండి. పోల్చిన ఇల్లు 350 చదరపు మీటర్లలో ఉండి, మీరు చూడబోయేది 500లో ఉంటే అంచనా తక్కువ చూపించి ఉండొచ్చు. జనాన్ని రప్పించడానికి ధర తగ్గించి చూపడం ఇక్కడ పాత రోగం, చట్టం దాన్ని నేరంగానే చూస్తుంది. అయినా మీ పైకాన్ని కాపాడేది మీ సొంత పోలికే. గత మూడు నెలల్లో ఆ చుట్టుపక్కల అమ్ముడైన ఆరేడు ఇళ్ళ ధరలు ఒక కాగితం మీద రాసుకుంటే అసలు ధర ఎక్కడ నిలబడుతుందో దాదాపు తెలిసిపోతుంది.

రెండోది సెక్షన్ 32. సేల్ ఆఫ్ లాండ్ చట్టంలోని 32వ సెక్షన్ ప్రకారం అమ్మేవాళ్ళు ఇచ్చే ప్రకటన అది. టైటిల్, తాకట్టు, ఈజ్‌మెంట్లు (మీ స్థలంలో కొంత భాగం మీద ఇతరులకుండే హక్కులు), కవనెంట్లు (స్థలం వాడకం మీద పెట్టిన షరతులు), ప్లానింగ్ జోన్, కౌన్సిల్ (స్థానిక పురపాలక సంస్థ) పన్నులు, గత ఏడేళ్ళలో ఇచ్చిన బిల్డింగ్ పర్మిట్లు అన్నీ అందులో ఉంటాయి. ఏజెంటుకు మెయిలు పెడితే పంపిస్తాడు. మన దగ్గర ముప్పై ఏళ్ళ ఈసీ, లింకు డాక్యుమెంట్లు అడగడం అలవాటైన పెద్దలు ఇక్కడా అవి కావాలంటారు. విక్టోరియాలో హక్కు రిజిస్టరులోనే ఉంటుంది, ప్రభుత్వం పెట్టిన ఆ రిజిస్టరే ఆఖరి మాట, వెనకటి అమ్మకాల గొలుసు వెతకక్కర్లేదు. ఆ శ్రద్ధనంతా ఈజ్‌మెంట్ల మీద పెట్టాలి. పెరట్లో మురుగు పైపు మీదుగా రెండు మూడు మీటర్ల పట్టీ ఉంటే అక్కడ షెడ్డు గానీ, అమ్మానాన్నలకని కట్టాలనుకున్న చిన్న ఇల్లు గానీ నీటి సంస్థ అనుమతి లేకుండా కట్టడం కుదరదు.

పర్మిట్లదీ ఇలాంటి చిక్కే. ఏడేళ్ళకు ముందు కట్టిన పెర్గోలా (పెరటి పందిరి), గ్యారేజీని మార్చి చేసిన పడకగది సెక్షన్ 32లో కనిపించవు. అలాంటిది ఇంట్లో కనిపిస్తే కౌన్సిల్ దగ్గర ఆ ఇంటి పర్మిట్ల వివరాలు అడిగించాలి. అనుమతి లేని కట్టడం అమ్మేవాళ్ళతో పోదు, మీ నెత్తిన పడుతుంది.

మిగిలినవి పది నిమిషాల పని. విక్‌ప్లాన్ మ్యాపులో చిరునామా కొడితే వరద, బుష్‌ఫైర్, హెరిటేజ్ ఓవర్‌లేలు (ఆ కారణంగా అదనపు నిబంధనలున్న ప్రాంతాల గుర్తులు) కనిపిస్తాయి. ఫైండ్ మై స్కూల్ వెబ్‌సైట్‌లో ఆ ఇల్లు ఏ ప్రభుత్వ బడి పరిధిలోకి వస్తుందో తేలుతుంది. రోడ్డుకు అటుపక్క ఇల్లు ఒక బడికి, ఇటుపక్కది ఇంకో బడికి పోవడం మామూలే, ప్రకటనలో ఉన్న 'బడికి దగ్గర' అన్న మాట పరిధి కాదు.

కొలతలు కూడా ఇక్కడే సరిచూసుకోవాలి. 400 చదరపు మీటర్ల స్థలం మన లెక్కలో దాదాపు 478 గజాలు. ఇంటి కట్టడాన్ని స్క్వేర్లలో చెబుతారు, ఒక స్క్వేరు వంద చదరపు అడుగులు. 25 స్క్వేర్ల ఇల్లంటే 2,500 అడుగులు అనిపిస్తుంది గానీ, అందులో తరచూ గ్యారేజీ, ముందు వరండా కలిసే ఉంటాయి.

దిక్కుల చిక్కు

తెలుగు కుటుంబాల్లో ఈ మాట రాకుండా ఇల్లు కొనడం జరగదు, కాబట్టి వివరంగా చెప్పుకోవాలి. మనం తూర్పు ముఖం, ఉత్తర ముఖం అన్నప్పుడు వీధి గుమ్మం చూస్తాం. ఇక్కడి ప్రకటనల్లో 'నార్త్ ఫేసింగ్' అని రాస్తే చాలాసార్లు అది హాలు, పెరడు చూసే దిక్కు. అంటే వీధి గుమ్మం దక్షిణానికి ఉండొచ్చు. ప్రకటన నమ్మి నలభై కిలోమీటర్లు వెళ్ళేబదులు మ్యాపులో ప్లాటు చూస్తే చాలు.

వాస్తు పక్కన పెట్టి సూర్యుడి లెక్క చూసినా దిక్కు ముఖ్యమే. దక్షిణార్ధ గోళంలో మధ్యాహ్న సూర్యుడు ఉత్తరం వైపు ఉంటాడు. హాలుకు ఉత్తరం కిటికీలుంటే చలికాలం ఎండ లోపలికి వచ్చి హీటరు బిల్లు తగ్గుతుంది. పడమటి పెద్ద కిటికీ జనవరి సాయంత్రాల్లో గదిని కొలిమి చేస్తుంది. చలిగాలి, వాన ఎక్కువగా నైరుతి నుంచి కొడతాయి. తూర్పు, ఉత్తరాలు తెరిపిగా ఉండి నైరుతి మూసి ఉండాలన్న మన పెద్దల పట్టుదల మెల్‌బోర్న్ వాతావరణానికి కూడా సరిగ్గానే కుదురుతుంది. ఇంట్లో ఫోను దిక్సూచిని నమ్మాల్సి వస్తే స్టీలు ఫ్రిజ్జుకు, కారుకు దూరంగా నిలబడి చూడండి.

ఆ ఇరవై నిమిషాలు

ఇంటికి పది నిమిషాల ముందే చేరి వీధిలో నడవండి. పక్కింటి కుక్క, ఎదురింటి ముందున్న ఐదు కార్లు, వెనక రోడ్డు హోరు, విమానాల మోత ఏజెంటు చెప్పడు. తర్వాత పని పంచుకోవాలి. ఒకరు ఏజెంటుతో మాట్లాడాలి, ఒకరు గోడలు, నేల, పైకప్పు చూడాలి. అమ్మమ్మా తాతయ్యలుంటే పిల్లలతో పెరట్లో ఉంటారు. అందరూ కలిసి గది తర్వాత గది తిరిగితే ఎవరూ ఏదీ సరిగ్గా చూడరు. ఫొటోలు తీసే ముందు అడగండి, బూట్లు విప్పమంటే విప్పండి. ధర గురించి, నచ్చడం గురించి ఇంట్లో తెలుగులో కూడా మాట్లాడుకోవద్దు. పడమటి శివార్లలో తెలుగు ఏజెంట్లు చాలామంది ఉన్నారు, పక్కనే తిరుగుతున్న మరో కొనుగోలుదారు కూడా తెలుగువాడే కావొచ్చు.

గోడలతో మొదలుపెట్టండి. మెల్‌బోర్న్ పడమటి వైపు నేల చాలాచోట్ల బసాల్ట్ బంకమట్టి, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. దాని మీద వేసిన కాంక్రీటు పలక అంచుల్లో లేచి మధ్యలో కుంగితే కిటికీ మూలల నుంచి ఐమూలగా పగుళ్ళు వస్తాయి. వెంట్రుక మందం గీతలు ప్రతి ఇంట్లో ఉంటాయి, వాటికి బెంగ అక్కర్లేదు. బ్యాంకు కార్డు అంచు అందులో సులువుగా దూరితే అది సుమారు మిల్లీమీటరుకు చేరింది, రాసుకోండి. ఐదు మిల్లీమీటర్లు దాటితే ఇంజనీరు చూడాల్సిందే. బయట ఇటుక గోడలో పై నుంచి కిందిదాకా రబ్బరులాంటి పదార్థం నింపిన నిలువు సందు మాత్రం పగులు కాదు, గోడ కదలికకని కావాలని వదిలిన జాయింటు. తలుపు మూసి పైన సందు చూడండి. ఒక కొసన సన్నగా, ఇంకో కొసన వెడల్పుగా ఉంటే చట్రం వాలింది. ఒకే గోడకు కొత్త రంగు వేసి ఉంటే ఎందుకని అడగండి.

తేమను స్నానాలగదిలో వెతికితే దొరకదు, అక్కడ అంతా తుడిచి పెడతారు. షవర్‌కు గోడ అవతల ఉన్న గదిలోకి, అల్మరాలోకి వెళ్ళండి. గోడ కింద చెక్కపట్టీ ఉబ్బి రంగు పొరలు లేచాయా, కార్పెట్ మూల గట్టిగా, మరకగా ఉందా చూడండి. షవర్ కింద నీళ్ళాపే పొర పాడైతే మొదట అక్కడే బయటపడుతుంది. దాన్ని సరిచేయాలంటే టైల్స్ మొత్తం తీయాలి. స్నానాలగది తలుపు చట్రం అడుగుభాగం ఉబ్బి ఉండటమూ ఇదే కథ.

బయట ఇంటి చుట్టూ ఒక్కసారి తిరగండి. ఇటుక గోడ కింది వరసల్లో నీరు బయటికి పోయే నిలువు రంధ్రాలుంటాయి. పూలమడి మట్టి వాటిని కప్పేస్తే తేమ లోపలే ఉండిపోతుంది, చెదలు కనబడకుండా లోపలికి పోతాయి. పలక అంచు నేలకు 75 మిల్లీమీటర్లు పైకి కనిపించాలంటారు, చెదల మట్టిగొట్టం పాకితే కంటికి ఆనేందుకే అది. వాననీటి పైపు కొస గోడ పక్కనే మట్టిలోకి వదిలేసి ఉన్నా, పెద్ద యూకలిప్టస్ గోడకు మూడు నాలుగు మీటర్లలో ఉన్నా ఆ బంకమట్టి మీద రెండూ చేటే.

1990కి ముందు కట్టిన ఇల్లయితే ఆస్బెస్టాస్ ఉందనే అనుకుని చూడాలి. చూరు కింద పలకలు, స్నానాలగది గోడ పలకలు, పాత కంచె దాని ఇళ్ళు. ముట్టుకోకుండా, కోయకుండా ఉంటే వెంటనే ప్రమాదం లేదు గానీ, ఆ గోడ కూల్చి వంటగది పెంచాలని అనుకుంటే తొలగించే ఖర్చు వేరే రాసుకోవాలి.

వంటగది దగ్గర మనవాళ్ళు నిదానించాలి. పొయ్యి మీది చిమ్నీ గాలిని బయటికి పంపుతుందా, బొగ్గు ఫిల్టరులోంచి తిప్పి మళ్ళీ వంటగదిలోకే వదులుతుందా అన్నది పై అరమర తెరిస్తే తెలుస్తుంది. గొట్టం పైకి వెళ్తూ కనిపించాలి. ఆ గొట్టం కప్పు పైదాకా వెళ్ళిందా, అటకలోనే ఆగిపోయిందా అన్నది బిల్డింగ్ ఇన్‌స్పెక్టరుతో చూపించాలి. ఆన్ చేసి ఒక టిష్యూ కాగితం ఆనించండి, పట్టుకోకపోతే ఎండుమిర్చి పోపు ఘాటు పడకగదుల దాకా పోతుందనే లెక్క. 2024 జనవరి నుంచి ప్లానింగ్ పర్మిట్ కావాల్సిన కొత్త ఇళ్ళకు విక్టోరియాలో గ్యాస్ కనెక్షన్ లేదు, కాబట్టి బాగా కొత్త ఇళ్ళలో ఇండక్షన్ పొయ్యే ఉండొచ్చు. అల్యూమినియం కుక్కరు, అడుగు గుండ్రని బాండీలు దాని మీద పనిచేయవు. చదునైన స్టీలు గిన్నెలు కొనుక్కోవాలి, లేదా పెరటి పోర్టికోలో విడి పొయ్యికి చోటుందా చూసుకోవాలి.

అలంకరించి పెట్టిన ఇళ్ళలో మంచాలు చిన్నవి వేస్తారు, అల్మరాలు ఉండవు. క్వీన్ సైజు పరుపు 153 సెంటీమీటర్ల వెడల్పు, 203 పొడవు. టేపు తీసుకెళ్ళి గది కొలవండి, ఫ్రిజ్జు గూడు కూడా. ఈ చిన్న కొలత మరిస్తే కొన్నాక అదే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

ఏజెంటును ఏం అడగాలి

ఎందుకు అమ్ముతున్నారు, ఎన్నాళ్ళుగా అమ్మకానికి ఉంది, ఎన్ని సెక్షన్ 32లు పంపారు, సెటిల్‌మెంట్ (మిగతా డబ్బు కట్టి ఇల్లు చేతికి తీసుకోవడం) ఎన్ని రోజులైతే వాళ్ళకు వీలు. అన్నిటికంటే పనికొచ్చే ప్రశ్న: ఎవరైనా రాతపూర్వకంగా ఆఫర్ ఇస్తే కాదన్నారా? అమ్మేవాళ్ళు కాదన్న ధర కంటే తక్కువ అంచనా చూపడం విక్టోరియాలో కుదరదు, కాబట్టి ఆ జవాబు కనీస ధర ఎక్కడుందో సూటిగా చెప్పేస్తుంది. అతను తిరిగి అడిగేది ఒకటే, 'మీకెంత విలువ చేస్తుందనిపిస్తోంది?' అని. మీ గరిష్ఠ అంకె ఎప్పుడూ చెప్పొద్దు. 'ఇంకా పోల్చుకుంటున్నాం' చాలు. సోమవారం ఫోను వస్తుంది, అప్పుడూ అదే మాట.

నచ్చిన ఇంటిని వారంరోజు సాయంత్రం ఇంకోసారి చూపించమని అడగాలి, ఇస్తారు. అప్పుడు బిల్డింగ్, చెదల పరీక్ష చేయించాలి. ఏఎస్ 4349.1 అనే ఆస్ట్రేలియా ప్రమాణం ప్రకారం ఇచ్చే నివేదిక అడగండి, చెదలకు 4349.3. ఇన్‌స్పెక్టరును ఏజెంటు సూచించినవాణ్ణి కాకుండా మీరే వెతుక్కోండి, అటకలోకి, నేల కిందికి వెళ్ళి చూస్తాడా అని ముందే తేల్చుకోండి.

మామూలు అమ్మకం, వేలం

మామూలు అమ్మకంలో సంతకం చేశాక మూడు పూర్తి పని దినాల కూలింగ్ ఆఫ్ ఉంటుంది. మనసు మారితే 100 డాలర్లు లేదా ధరలో 0.2 శాతం, ఏది ఎక్కువైతే అది వదులుకుంటే చాలు. 7 లక్షల ఇంటికి 1,400 డాలర్లు. వేలంలో ఈ వెసులుబాటు లేదు. వేలానికి ముందూ వెనకా మూడు పూర్తి పని దినాల్లో కొన్నా లేదు, 'వేలం దాకా ఎందుకు, గురువారమే సంతకం పెట్టండి' అని తొందరపెట్టినప్పుడు ఇది గుర్తుండాలి. అందుకే వేలం ఇంటికి పరీక్ష, కన్వేయన్సర్ చదవడం, లోను మాట అన్నీ ముందే అయిపోవాలి.

వేలంలో అమ్మేవాళ్ళ తరఫు పాట పాడే హక్కు వేలందారుకు ఉంది, కానీ అది వెండర్ బిడ్ అని గట్టిగా చెప్పాలి. జనంలో దొంగ పాటగాళ్ళను పెట్టడం నేరం. ధర రిజర్వు (అమ్మేవాళ్ళు ముందే పెట్టుకున్న కనీస ధర) చేరితే ఇల్లు 'ఆన్ ద మార్కెట్' అంటారు, అక్కడి నుంచి ఎవరిది ఎక్కువైతే వాళ్ళదే. రిజర్వు చేరకుండా ఆగిపోతే పాస్డ్ ఇన్. అప్పుడు అమ్మేవాళ్ళతో ముందు బేరం ఆడే అవకాశం సాధారణంగా ఆఖరి పెద్ద పాట పాడినవాళ్ళకే. పాట నీరసించి ఆగిపోయేలా ఉందనిపిస్తే ఆ చివరి స్థానంలో మీరు ఉండటం మేలు. లోపలికి పిలిచాక తొందరపడి ఒక్కసారే అంతా పెంచేయొద్దు. గరిష్ఠ అంకె ఇంట్లోనే కాగితం మీద రాసి, పాడేవాళ్ళు కాక ఇంకొకరు జేబులో పెట్టుకోవాలి. పాడినవాళ్ళదే అయితే 10 శాతం డిపాజిట్ అక్కడే కట్టాలి.

సెటిల్‌మెంటుకు ముందు వారంలో ఆఖరిసారి ఇల్లు చూసే హక్కు మామూలు ఒప్పందంలో ఉంటుంది. ఆ రోజు పొయ్యి, డిష్‌వాషరు, హీటరు, వేడినీళ్ళు, గ్యారేజీ రిమోట్లు ఒక్కొక్కటీ నడిపి చూడండి. మొదట చూసినప్పుడున్న లైట్లు, కర్టెన్లు ఉన్నాయా, చెత్త వదిలేశారా చూడండి. ఏదైనా తేడా ఉంటే ఫొటో తీసి కన్వేయన్సర్‌కు ఆ గంటలోనే పంపండి. డబ్బు చేతులు మారే ముందైతే అమ్మేవాళ్ళ చేత బాగు చేయించవచ్చు, లేదా సొమ్ములో కోత అడగవచ్చు. మారాక ఆ బేరానికి బలం ఉండదు.